ఎడమకాలు తొక్కి పాసయ్యాను

అక్కా,

నేను కులాసా. పాసయ్యాను! కొత్తరకం హెలికాప్టరు నడపడానికి కూడా నాకు లైసెన్సు వచ్చేసింది.

ఇన్నాళ్ళూ నేను నడిపిన చిన్నదానికీ దీనికీ పైన రెక్కలు తిరిగే వైపే వేరు. గాలిలో ఇంజను ఆగితే ముక్కు పక్కకి తిరిగిపోకుండా దాంట్లో కుడికాలి పెడలు తొక్కాలి, దీంట్లో ఎడమకాలిది. కిందటి నెల అలవాటుకొద్దీ కుడికాలు తొక్కి, బొంగరంలా తిప్పేసి పరీక్ష తప్పాను. నీకు చెప్పలేదు, తిట్టకు. ఈసారీ ఆ పరీక్షాధికారే వచ్చారు. మబ్బుల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఠక్కున ఇంజను తగ్గించేశారు. ఎడమకాలు దానంతటదే కదిలింది. ముక్కు అటూ ఇటూ పోనివ్వకుండా తిన్నగా గడ్డిమీద దించాను. "ఈసారి కాళ్ళు నీ మాట విన్నాయమ్మా!" అని అక్కడికక్కడే సంతకం పెట్టారు.

ఇక అర్జంటు పని. ఒక్కో రకానికీ ఏటా విడిగా పరీక్ష ఇవ్వాలి. పాతదానికి ఇరవయ్యో తారీఖు గడువు, దాటితే మళ్ళీ తిప్పలు. నేను ఎగిరిన పాత గంటల లెక్కంతా ఉన్న నీలం అట్ట లాగ్‌బుక్కు బీరువాలో స్వెట్టర్ల కింద ఉంది. ఉత్తరం అందగానే రిజిస్టరు పోస్టులో పంపు. బావగారి మోకాలు ఎలా ఉంది? చిన్నది బడికి ఏడవకుండా వెళ్తోందా? ఇంజను సంగతి అమ్మకి చదివి వినిపించకు.

పెద్దలకు నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. సోమవారం నుంచి కొండల్లోని రోగుల్ని ఆసుపత్రికి తెచ్చే డ్యూటీ నాదే!

నీ చెల్లి