ఓరెన్ దిగిపోయిన రోజు

మార్చి 9, శనివారం

పొద్దున్నే మిసిసిపీలో దిగాం, నేనూ, పాత పైలట్ ఓరెన్ హాల్వర్సన్. విమానం ఆయనది, నలుగురు పట్టే చిన్నది. నడిపింది నేను. లైసెన్సు వచ్చి ఏడాదైనా పక్కన ఆయనుంటేనే నాకు చేతులాడతాయి. ఇండియానాలో పెంచుకునేవాళ్ళకి చేర్చాల్సిన కుక్కల కోసం వెనక సీట్లు తీసేసి దుప్పట్లు పరిచాం.

అనాథ కుక్కల షెల్టర్ నుంచి, అక్కడ పనిచేసే వెర్నా నాలుగు కుక్కల్ని తెస్తానంది. వ్యాన్ తలుపు తీస్తే ఏడున్నాయి. షెల్టర్ నిండిపోయిందట. వెనక్కి తీసుకెళ్తే సోమవారం సూది వేసి చంపేస్తారట. "నన్ను తిట్టుకో ట్రూడీ, నీ ఇష్టం. వీటిలో ఎవర్ని వదిలెయ్యాలో మాత్రం నన్నడక్కు" అంది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా అయిపోయిన మనిషిలా ఉంది.

బరువులు లెక్క కట్టాను. మళ్ళీ కట్టాను. ఇద్దరం ఉంటే నాలుగే.

"నేను దిగిపోతేనో?" అన్నాడు ఓరెన్. వేళాకోళమనుకున్నాను. చూస్తే అప్పటికే బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. "నాకంటే అవే నయం అమ్మాయ్, నీ లాండింగులకి వంకలు పెట్టవు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇండియానా దాకా నేనెప్పుడూ ఒంటరిగా ఎగరలేదన్నాను. తెలుసన్నాడు. అంతే.

ఆరు ఎక్కాయి. ఏడోది హౌండు జాతి ముసలి వేటకుక్క, ఒక కన్ను లేదు. దానికి చోటు లేదు. దాని వంక చూడకుండా తలుపేసుకున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం

కెంటకీలో ఒక చిన్న ఎయిర్‌పోర్టు. దిగిపోయాను. ముందంతా మబ్బు నేల దాకా వాలింది. ఆగనా, వెళ్ళనా అని ఓరెన్‌కి ఫోన్ చేస్తే, "విమానంలో ఉన్నది నువ్వు. నన్నడుగుతావేం?" అన్నాడు. ఒళ్ళు మండింది. ఆగాను. అక్కడెవరో పెద్దాయన విమానాల షెడ్డు తెరిచి కుక్కలకి నీళ్ళు పెట్టాడు. ఒక గోధుమరంగు కుక్కపిల్ల నా ఒళ్ళో వణుకుతోంది. నేనూ వణుకుతున్నానని దానికి తెలిసే ఉంటుంది.

సాయంత్రం

మబ్బు విడింది. ఇండియానా చేరాం. ఆరింటినీ తీసుకోవడానికి వచ్చినవాళ్ళకి అప్పజెప్పి, కారులో కూర్చుని ఏడ్చాను.

మార్చి 11, సోమవారం

ఓరెన్ అద్దె కారులో వచ్చాడు. వెనక సీట్లో ఆ ఒంటికన్ను హౌండు! భార్య పోయాక ఇంట్లో చిలకను కూడా పెట్టుకోని మనిషి. ఇదేమిటంటే, దారిలో మాట్లాడటానికి ఎవరో ఒకరుండాలి కదా అన్నాడు. పేరు మేబెల్ అట.

ఏప్రిల్ 2, మంగళవారం

ఓరెన్‌కి గుండె జబ్బు. ఇక విమానం నడపొద్దని డాక్టరు ఫిబ్రవరిలోనే చెప్పాడట. ఈ సంగతి ఇవాళ, వేరే పైలట్ నోట విన్నాను. నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. అందుకేనా ఆ రోజు నన్ను ఒంటరిగా పంపించారని నిలదీశాను. "కుక్కలకి చోటు కావాలని దిగాను. నేను లేకపోయినా నువ్వు నడపాలని ఫోన్లో నోరు మూసుకున్నాను. రెండూ నిజమే. ఇంక అరవకు, మేబెల్ పడుకుంది" అన్నాడు.

అది ఆయన బూటు మీద తల పెట్టుకుని గురక పెడుతోంది. తిట్టడానికి వెళ్ళినదాన్ని సూపు తాగి వచ్చాను.

ఏప్రిల్ 13, శనివారం

ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. ఐదు కుక్కలు. దిగేసరికి రన్‌వే పక్కన ఓరెన్, మేబెల్. ఆయన ఈల వేస్తే చాలు, అది ఎక్కడున్నా వచ్చేస్తుంది. లాండింగ్ ఘోరమన్నాడు. ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఏప్రిల్ 27, శనివారం

ఓరెన్ పోయాడు. నిద్రలోనే.

మే 1, బుధవారం

చర్చి నిండా పైలట్లే. ఆయన కూతురు ఇంగ్రిడ్ మినసోటా నుంచి రాలేకపోయింది. నెలలు నిండాయి, కదలొద్దన్నారట. నాకు ఫోన్ చేసింది. "ఆయన సామాను నాకేమీ వద్దు. ఆ కుక్కని తెచ్చిపెడతావా?" అంది. నేను ఎప్పుడూ చూడని మనిషి. తెస్తానన్నాను.

మేబెల్ మా ఇంటి గుమ్మం దగ్గరే పడుకుంటోంది. తినడం లేదు.

మే 11, శనివారం

మినసోటా. ఎండ. మేబెల్ విమానం దిగనంది. పిలిచాను, బతిమాలాను, మాంసం ముక్క చూపించాను. మొహం తిప్పుకుంది.

ఇంగ్రిడ్ కడుపు పట్టుకుని మెల్లగా రెక్క దగ్గరకి వచ్చి ఈల వేసింది. అచ్చం వాళ్ళ నాన్న ఈల.

మేబెల్ దిగింది.

నేను చాలాసేపు దిగలేకపోయాను.