పెద్దమ్మ అడిగిన పావుగంట

పెద్దమ్మా,

విమానం మాట ఎత్తగానే నువ్వు ఫోను పెట్టేస్తున్నావని ఈ ఉత్తరం రాస్తున్నాను. చేతికొచ్చిన ఉత్తరాన్ని చివరిదాకా చదవకుండా నువ్వు ఉండలేవని నాకు తెలుసు.

ముందు నీ అనుమానం తీరుస్తాను. "రావడానికి గంటన్నర, పోవడానికి గంటా ముప్పావా? ఆ పావుగంట నన్ను ఆకాశంలో ఎక్కడ నిలబెడతారే?" అని అమ్మని నిలదీశావట. మా భూగోళం టీచర్ని అడిగాను. ఎక్కడా నిలబెట్టరట. పైన గాలి ఎక్కువగా మీ వైపు నుంచి మా వైపుకే వీస్తుందట. వచ్చేటప్పుడు అది విమానాన్ని వెనక నుంచి నెడుతుంది, వెళ్లేటప్పుడు ఎదురుగాలి అవుతుంది. ఎదురుగాలి! ఎంత బాగుందో ఆ మాట, పొద్దుటి నుంచి చప్పరిస్తూనే ఉన్నాను.

మ్యాపు మీద స్కేలు పెట్టి నేనూ కొలిచాను. సూటిగా తొమ్మిది వందల కిలోమీటర్లే. రైలైతే కొండలన్నీ చుట్టి ఒక పగలూ ఒక రాత్రీ తినేస్తుంది. అంతసేపు కూర్చుంటే నీ మోకాళ్లు ఊరుకోవు.

అక్కకి తొమ్మిదో నెల. పైకి నవ్వుతూనే ఉంది గానీ, నిన్న ఆస్పత్రి వరండాలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పురిటి గదిలోకి వెళ్లేముందు పెద్దమ్మ మొహం చూస్తే ధైర్యం వస్తుందే" అంది.

నాన్న పై శనివారానికి నీకు టికెట్ తీశారు. చక్రాల కుర్చీ కూడా కావాలని చెప్పారు. తిరుగు టికెట్ మాత్రం నేనే తీయనివ్వలేదు. బిడ్డ మెడ నిలిపాక నువ్వే తేదీ చెబుదువుగాని.

విమానాశ్రయంలో అందరినీ తోసుకుని ముందు నిలబడబోయే,
నీ వాగుడుకాయ