వరసలో తర్వాతి దిబ్బ

నాసిరియా,
ఆదివారం

నాన్నా,

నీ చెయ్యి ముద్దుపెట్టుకుని మొదలుపెడుతున్నాను. ఈ ఉత్తరం జబ్బార్ వ్యానులో పంపిస్తున్నాను. రొట్టెల సంచిలో అడుగున పెట్టాను, పైన పెడితే దారిలో ప్రయాణికులందరికీ చదివి వినిపిస్తాడు. నువ్వు కాపలా కాసే దిబ్బ మీద ఫోను పలకదు కాబట్టి వేరే దారి లేదు.

రస్మియా అత్తకి మోకాలి నొప్పి బాగా ఎక్కువైంది. మంచం దిగలేకపోతోంది. నువ్వొచ్చి కొన్నాళ్లు ఇక్కడుంటే నాకు సాయంగా ఉంటుంది.

పైన రాసిందంతా అబద్ధం. అత్త ఇప్పుడే డాబా మీద బట్టలారేసి, కూరగాయలవాడితో పోట్లాడి వచ్చింది. నా వెనక నిలబడి ఇది చదివి, "నీ భయానికి నా మోకాళ్లెందుకే విరగ్గొడతావు? ఉన్నది రాయి. మీ నాన్న దొంగమాట ఇట్టే పసిగడతాడు" అంది. సరే, ఉన్నది రాస్తున్నాను. నువ్వు ఆ దిబ్బ దిగి వచ్చెయ్యి నాన్నా. వెంటనే వచ్చెయ్యి.

బళ్లో పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పి ఇంటికొచ్చాక నేనేం చేస్తానో నీకు తెలుసు. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే ఆ విజ్ఞాన సర్వస్వంలో రాస్తాను. నీ హమ్రియా దిబ్బ గురించి పేజీ రాసి చదివి వినిపిస్తే, నీ కుక్క పేరు అందులో లేదని అలిగావు. అక్కడ పేజీలు లక్షల్లో ఉంటాయి, వాటిని వర్గాలుగా కట్టాలి. వంతెనలన్నీ ఒక వర్గం, వాగులన్నీ ఒక వర్గం. ఏ వర్గం ఉండాలి, ఏది ఉండకూడదు అని అక్కడ జరిగే వాదనలు పెళ్లి సంబంధాల దగ్గర కూడా జరగవు. పోయిన చలికాలం నేనొక వర్గం పెట్టాను. దాని పేరు 'తవ్వకాలు జరగని పాటిదిబ్బలు'. మన జిల్లాలో ఒక్కో దిబ్బా ఒక్కో మూల దిక్కూమొక్కూ లేకుండా పడి ఉంది, అన్నిటినీ ఒకచోట చేరిస్తే ఎవరికైనా పట్టకపోతుందా అనుకున్నాను. ఒక్కోదానికి దారి, మ్యాపులో చోటు, కాపలా ఎవరు, ఎంతమంది, అన్నీ రాశాను. అందరూ మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

ఈ ఏడు మొదటి దుమ్ముతుఫాను వచ్చినప్పుడు దొంగలు ఉమ్ రుఖ్మా దిబ్బని తవ్వి, పాతకాలం వస్తువులు ఎత్తుకుపోయారు. రెండో తుఫానుకి బద్రాన్ దిబ్బ. అక్కడి కుక్కని కాల్చేశారు. మూడో తుఫానుకి జువైద్ దిబ్బ. అక్కడి కాపలాదారు హన్నూన్ బాబాయిని తుపాకీ మడమతో కొట్టి, చేతులు కట్టేసి, ఆ దుమ్ములోనే వదిలేశారు. నిన్న ఆసుపత్రికి వెళ్లి చూశాను. దవడ కదలడం లేదు, మాట లేదు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చి జరిగింది ఆ పేజీలో రాద్దామని వర్గం తెరిచాను. వర్గంలో పేర్లు వాటంతటవే అక్షరాల వరసలో సర్దుకుంటాయి. అన్నిటికంటే పైన ఉమ్ రుఖ్మా. దాని కింద బద్రాన్. దాని కింద జువైద్. మన అరబ్బీ అక్షరాల ప్రకారం ఆ తర్వాతది హమ్రియా, నాన్నా. నీ దిబ్బ.

వాళ్లు నా పేజీ చేత్తో పట్టుకుని పైనుంచి కిందికి వస్తున్నారు. దుమ్ములో చెయ్యి చాస్తే చెయ్యి కనబడనప్పుడు కూడా దారి తప్పకుండా రావడానికి కావలసినదంతా నేనే రాసి పెట్టాను. ఇప్పుడు కిటికీ తెరిచినప్పుడల్లా ముందు ఆకాశం రంగు చూస్తున్నాను. జబ్బార్ బండెక్కి వచ్చెయ్యి. కుక్కని కూడా తీసుకురా, అత్త ఏమీ అనదు.

నీ
హదీల్

*

నాసిరియా,
బుధవారం

నాన్నా,

నువ్వొస్తావని బండి దగ్గర నిలబడ్డాను. జబ్బార్ ఖర్జూరాల సంచి చేతిలో పెట్టి, "మీ నాన్న చెప్పమన్నాడమ్మా, దిబ్బ సంచిలో పట్టడం లేదట, అందుకని రాలేదట" అన్నాడు. పైగా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అందరిలో నిలబడి ఏడ్చాను కూడా.

పోలీసుల దగ్గరికి వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదగానే విన్నాడు. "ఏ దిబ్బకని కాపలా పెట్టమంటావు తల్లీ, ఉన్నది ఒక్క జీపు" అన్నాడు. వరస సంగతి చెబుతుంటే పరీక్షలు తప్పిన పిల్లని చూసినట్టు చూశాడు.

అందుకని వర్గాన్నే తీసెయ్యమని సర్వస్వంలో అర్జీ పెట్టాను. నేను పెట్టినదే అయినా నా అంతట నేను తీసెయ్యడానికి లేదు. చర్చ జరగాలి, నలుగురూ అవునో కాదో చెప్పాలి, చివర నిర్వాహకుడు తేల్చాలి. ఆ నిర్వాహకుడు 'త్రాసు' అనే మారుపేరుతో ఉంటాడు, ట్యూనిస్‌లో ఎక్కడో ఉంటాడట. "భయం కారణం కాదు. ఈ వర్గం నియమాలకి విరుద్ధమని ఆధారం చూపండి" అని రాశాడు. ఇంకొకడు, "ఈవిడ దొంగలు మన పేజీలు చదువుతారంటోంది. మన సొంత బంధువులే చదవరు కదండీ!" అని వేళాకోళం చేశాడు. దాని కింద నవ్వు బొమ్మలు. నేనేం ఆధారం చూపించను? ఆ చర్చ లోకమంతా చదవగలిగేది. దొంగలు ఈ వరసనే వస్తున్నారు అని అక్కడ రాస్తే ఆ సంగతి తెలియని దొంగలకి కూడా నేర్పినదాన్నవుతాను. పోనీ హమ్రియా ఒక్కదాన్నే వర్గంలోంచి లాగేద్దామంటే, ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అన్నది చరిత్రలో చెరగకుండా ఉండిపోతుంది. ఉన్నవాటిలో ఒక్కటి మాయమైతే కళ్లు దాని మీదే పడతాయి. నోరు విప్పినా భయమే, మూసుకున్నా భయమే.

ఇంక అసలు సంగతి. నిన్న ఒక పని చేశాను. పేజీ అడుగున చిన్న ముక్క రాస్తే, ఆ పేరు వరసలో ఎక్కడ నిలబడాలో మార్చొచ్చు. హమ్రియాని అట్టడుగుకి పంపేశాను. 'చిన్న సవరణ' అని కారణం రాశాను. ఎవరూ గమనించలేదు. గుండె మీదనుంచి బండ దిగినట్టయింది. అత్తకి చెబుదామని లేచి, మళ్లీ ఒకసారి పేజీ చూశాను. జువైద్ కింద ఇప్పుడు ఖుషైబా ఉంది.

ఖుషైబాకి కాపలా అబూ జాసిబ్ బాబాయి. నీతో డొమినోలు ఆడి, ఓడిపోయి, బిళ్లలు నీళ్లలో విసిరేసే మనిషి. అమ్మ పోయినప్పుడు మనింటి ముందు పందిరి వేసినవాడు. ఇవాళ పొద్దున ఆయన భార్య ఉమ్ జాసిబ్ పిన్ని నాకని గేమర్, గేదెపాల మీగడ, పంపింది, ఇంత మందాన ఉంది. ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. అత్త కారణమడిగితే కడుపు బాగాలేదన్నాను.

మళ్లీ పాత చోట పెట్టడానికి చెయ్యి రావడం లేదు. పెట్టకుండా ఉండలేకపోతున్నాను. నేనేం చెయ్యను నాన్నా?

హదీల్

*

హమ్రియా,
గురువారం

తల్లీ హదీల్,

జబ్బార్ బండి ఆపుకుని నిలబడ్డాడు, హారన్ కొడుతున్నాడు. అందుకని గబగబా రాస్తున్నాను, అక్షరాలు కోడి గీకినట్టుంటే నన్ను తిట్టకు.

నీ ఉత్తరం అబూ జాసిబ్‌కి చదివి వినిపించాను. దాచితే వాడి మొహం చూడలేను కదా. విని చాయ్ గ్లాసు కింద పెట్టి, "లఫ్తా, సర్కారు ఇన్నేళ్లలో నాకొక్క ప్రమోషన్ ఇవ్వలేదు. నీ కూతురు కూర్చున్నచోటు నుంచి నన్ను ఒక మెట్టు పైకెక్కించింది" అన్నాడు. నవ్వాడు. అయినా వాడికీ పిల్లలున్నారు.

నిన్ను తిట్టాలనే కాగితం తీశాను. కానీ ఆలోచిస్తే నువ్వొక సంగతి కనిపెట్టావు, అది నీకే తెలియడం లేదు. ఈ దొంగలు ఇక్కడివాళ్లు కాదు. ఇక్కడివాళ్లకి నీ పేజీ ఎందుకు? ఏ దిబ్బ ఎక్కడుందో గొర్రెలు కాసేవాళ్లందరికీ తెలుసు. వీళ్లెక్కడినుంచో వచ్చి నువ్వు చెప్పిన దారినే నమ్ముకున్నారు. మనం ఇన్నాళ్లూ కాపలా కాసింది ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో, ఎటొస్తారో తెలియకుండానే. ఇప్పుడు దుమ్ము లేస్తే వస్తారని తెలుసు. ఎటొస్తారో కూడా తెలుసు.

ఖుషైబా చుట్టూ బయలు. ఎటునుంచైనా వస్తారు, ఎటైనా పోతారు. నా హమ్రియాకి రావడానికీ పోవడానికీ కాలువ మీద ఒక్క వంతెనే ఉంది. అందుకని నా దిబ్బని మళ్లీ దాని చోట పెట్టు. జువైద్ కింద పెట్టు. వర్గాన్ని ఇప్పుడప్పుడే తీసెయ్యనివ్వకు. ఆ పోలీసు అధికారి దగ్గరికి మళ్లీ వెళ్లి, ఏ దిబ్బ అని అడిగితే ఇది అని చెప్పు. ఒక్క జీపు చాలు.

మిగతా దిబ్బల కాపలావాళ్లకి కబురు పంపుతున్నాను. అబూ జాసిబ్ ఇప్పటికే పరుపు తెచ్చి నా గదిలో పరిచాడు. గురక పెడతాడు, అదొక్కటే నా కష్టం.

చెయ్యి రాదన్నావు. రావాలి తల్లీ.

నీ నాన్న
లఫ్తా

*

నాసిరియా,
సోమవారం

నాన్నా,

పెట్టాను.

ఎలా పెట్టానో అడగకు. అత్త పక్కన కూర్చుని నా భుజం పట్టుకుంది. "కళ్లు మూసుకుని నొక్కెయ్యవే" అంది. కళ్లు మూసుకుంటే ఎక్కడ నొక్కాలో కనబడదు అత్తా అన్నాను. ఇద్దరం నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేశాం. పేజీ మళ్లీ తెరిస్తే జువైద్ కింద హమ్రియా ఉంది. నా చేత్తో నిన్ను నేనే ముందు నిలబెట్టాను.

నా అదృష్టం చూడు, సరిగ్గా నిన్ననే చర్చ నా వైపు తిరిగింది. బస్రా నుంచి ఒకామె, మోసుల్ నుంచి ఇద్దరు, ఇలాంటివన్నీ ఒకచోట కట్టడం ప్రమాదమేనని రాశారు. నవ్వినవాడు కూడా మెత్తబడ్డాడు. త్రాసు, "ఇవాళ సాయంత్రం వర్గాన్ని తొలగిస్తున్నాను" అని ప్రకటించాడు. వారమంతా తీసెయ్యండి తీసెయ్యండి అని గోల పెట్టినదాన్ని, ఇప్పుడు ఆగండి అని ఎలా అడగను? అయినా అడిగాను, అందరి ముందూ కాదు, ఆయన ఒక్కడికే రాశాను. ఎందుకో చెప్పలేను, కొన్ని రోజులు ఉండనివ్వండి, మీ కాళ్లు పట్టుకుంటాను అన్నాను. తర్వాత రెండు ముక్కలు వచ్చాయి. "నియమాల్లో దీనికి చోటు లేదు. శుక్రవారం దాకా నేను జ్వరంతో పడుకుంటాను, చర్చ ముగించలేను." ఆ మనిషి మొహం నేనెప్పుడూ చూడలేదు.

అధికారి దగ్గరికి వెళ్లాను. "ఈసారి ఏ దిబ్బో చెప్పగలను" అన్నాను. నీ ఉత్తరం చూపించాను. రెండుసార్లు చదివి, "ఈ కాపలాదారు నీకేమవుతాడు?" అన్నాడు. చెప్పాను. లేచి నిలబడి జీపు డ్రైవర్ని పిలిచాడు.

ఇది రాస్తుండగానే కిటికీ పసుపుపచ్చగా అయింది. ఇప్పుడు ఎర్రబడుతోంది. వీధిలో కొట్లు మూసేస్తున్నారు, అత్త తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కుతోంది. ఎదురింటి గోడ కనబడడం లేదు. ఈ గాలికి జబ్బార్ బండి రాదు, ఈ ఉత్తరం నీకు ఇవాళ అందదు. అయినా రాస్తూనే ఉన్నాను, కలం ఆపితే ఏమవుతుందోనని. పళ్ల మధ్య ఇసుక తగులుతోంది. నీకు ఇంకెంత తగులుతోందో.

నాకు చాలా భయంగా ఉంది నాన్నా. చిన్నప్పుడు దుమ్ము లేస్తే నీ చొక్కాలో తల దూర్చేదాన్ని. ఇప్పుడు నువ్వు ఆ దుమ్ములో ఉన్నావు, నేను గదిలో ఉన్నాను.

హదీల్

*

హమ్రియా,
మంగళవారం

తల్లీ హదీల్,

బతికే ఉన్నాను. ముందు అది చదువు, తర్వాత నెమ్మదిగా మిగతాది చదువు.

దుమ్ము బాగా ముదిరాక వచ్చారు. నలుగురు, ఒక ట్రక్కు. మేమంతా దిబ్బ పక్కన ఎండిన పిల్లకాలువలో మొహాలకి తడి తువ్వాళ్లు చుట్టుకుని పడుకున్నాం. నువ్వు భయపడ్డానని రాస్తూ వచ్చావు, నేనొక్కసారీ రాయలేదు కదా. నేనూ భయపడ్డాను. పక్కనున్న అబూ జాసిబ్ చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. వాడు నా చొక్కా పట్టుకున్నాడు.

ట్రక్కు వంతెన దాటి లోపలికి రాగానే, జబ్బార్ తన వ్యాను తెచ్చి వంతెనకి అడ్డంగా పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఎవరూ రమ్మనలేదు వాణ్ణి. రొట్టెలివ్వడానికి వచ్చానంటాడు. జీపు అప్పటికే దిబ్బ వెనకుంది. వాళ్లలో ఒకడు ఒక్క తూటా పేల్చాడు, అంతలోనే నలుగురూ పోలీసులకి దొరికిపోయారు. అబూ జాసిబ్ చెవి అంచు కాస్త ఎగిరిపోయింది. ఇంక ఉమ్ జాసిబ్ మాటలు సగమే వినబడతాయని సంబరపడుతున్నాడు. మాలో మిగతా అందరం క్షేమం. కుక్క కూడా క్షేమమే. పేజీలో ఈసారైనా దాని పేరు రాయి.

హన్నూన్‌కి కబురు చెప్పు. నోటితో మాట్లాడలేకపోయినా కళ్లతో నవ్వుతాడు. ఆ ట్యూనిస్ పెద్దమనిషికి జ్వరం తగ్గిందేమో అడిగి, వర్గాన్ని ఇవాళే తీయించెయ్యి. ఏ దిబ్బ పేజీ దానికి ఉండనీ. అన్నిటినీ దండగా గుచ్చడం మాత్రం వద్దు.

ఇంకొక్క సంగతి. ట్రక్కు నడిపినవాడు కుర్రవాడు కాదు, నా ఈడువాడు. చేతులకి బేడీలు వేస్తుంటే నావైపు చూసి, "నీదా ఈ దిబ్బ? మొన్న వరసలో అట్టడుగున ఉంది, మేం ఖుషైబాకి పోదామనుకున్నాం. మళ్లీ పైకెవరు తెచ్చారు?" అని అడిగాడు.

మా అమ్మాయి తెచ్చింది, అన్నాను.

నీ నాన్న
లఫ్తా