మిల్లు గోడ మీద తొమ్మిదో మాట

కట్టంగూర్,
14 ఫిబ్రవరి 1998.

దోస్తు గాలయ్యకు లతీఫ్ సలాములు.

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. కానీ నీ సంగతి తలచే పని లేదు, నాకు తెలిసింది. కొత్తకోట దగ్గర టైర్ల షెడ్డులో ఉంటున్నావనీ, కంచం, గ్లాసు వేరే పెట్టుకుని ఒక్కడివే వండుకు తింటున్నావనీ నువ్వు పోయే పాత రూటులో లారీ నడిపే డ్రైవర్ మొన్న చాయ్ తాగుతూ చెప్పాడు. ఏడాదైంది నువ్వు పోయి. ఒక్క కార్డు ముక్క రాయలేదు. నాకు చాలా కోపంగా ఉంది. అది ముందే చెప్పేసి మిగతాది రాస్తున్నాను.

మంచి కబురు ముందు. మన ఊరి నర్సు లక్ష్మీనర్సమ్మ సిస్టర్ మీ హనుమమ్మనూ, నీ బిడ్డ నిర్మలనూ నల్లగొండ దవాఖానకు తీసుకుపోయి రక్తం పరీక్ష చేయించింది. ఇద్దరికీ నీ రోగం లేదు. మూడు నెలలు ఆగి మళ్లీ చేయించింది, అప్పుడూ లేదనే వచ్చింది. రెండు కాగితాలూ నేనే చదివి వినిపించాను. హనుమమ్మ వాటిని కొంగున ముడివేసుకుని, లేదని రాసిండ్రు గద అన్నా, ఇంక గాయన ఎందుకు వస్తలేడు అని నన్ను అడిగింది. గోడల మీద రాసేవాడికి ఇవన్నీ ఏం తెలుసు చెల్లే అని తప్పించుకుని వచ్చాను.

నువ్వు ఎందుకు పోయావో నాకు తెలుసు. హైదరాబాదులో డాక్టరు నీకీ రోగం ఉందని చెప్పాక కూడా నెల రోజులు నువ్వు ఇంట్లోనే ఉన్నావు. హనుమమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నాక్కూడా. అప్పుడే సర్కారు ఆఫీసు వాళ్లు నాకు మిల్లు గోడ మీద ఎయిడ్స్ రాతలు రాసే పని ఇచ్చారు. నిచ్చెన నువ్వే పట్టుకున్నావు. నేను ఒక్కో మాట రాస్తుంటే కింద నుంచి కూడబలుక్కుని చదివావు. ఆఖరిది చదివి నిచ్చెన వదిలేశావు. నేను రంగు డబ్బాతో సహా కింద పడేవాణ్ని, అందుకు నిన్ను నానా తిట్లు తిట్టాను. రోగి కంచంలో తినరాదు అని ఉంది అక్కడ.

ఆ పొద్దే నిర్మల ఎప్పటిలా నీ కంచంలో చెయ్యి పెడితే ఆ చేతి మీద కొట్టావట. పుట్టిన కాడి నుంచి దాన్ని ఒక్క దెబ్బ కొట్టనివాడివి. నాలుగో రోజు మూట కట్టావు. సర్కారే గోడ మీద రాసింది, నేను ఇంట్ల ఉంటే బిడ్డను నా చేతుల చంపుకున్నట్టే అని హనుమమ్మతో అన్నావట. ఆ సంగతులన్నీ నువ్వు పోయాక ఆమె చెబితేనే నాకు తెలిశాయి.

ఇప్పుడు అసలు విషయం విను. ఆ మాట కొట్టేశారు. కలిసి తింటే రాదని డాక్టర్లు కొత్తగా కనుక్కున్నారట. నేనే సున్నం వేసి, గోడంతా మళ్లీ రాశాను. ఈసారి సిస్టర్ పక్కన నిలబడి ఒక్కో మాట ఎందుకో చెప్పి మరీ రాయించింది. ఇంక ఈ రోగం సంగతి నన్ను అడగాలి ఎవరైనా. నిరోధ్ లేకుండా కలిస్తే వస్తుంది. ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి పొడిస్తే వస్తుంది, అందుకే ఇప్పుడు ఊళ్లో ఎవరు సూది వేసినా కొత్తది తీయమని నేను దబాయిస్తున్నాను. పరీక్ష చేయని రక్తం ఎక్కిస్తే వస్తుంది, తల్లికి ఉంటే బిడ్డకు రావచ్చు. అంతేగానీ ఒక బీడీ ఇద్దరు తాగితే రాదు, పక్కన పడుకుంటే రాదు, ఒక్క కంచంలో తింటే రానే రాదు. పెద్దులు ఉన్నాడు గదా, మిల్లు హమాలీ, దోమ కుడితే రాదా మరి అని సిస్టర్‌ను గట్టిగా నిలదీశాడు. దోమతోటి వచ్చేదుంటే కట్టంగూర్‌ల నువ్వూ నేనూ ఈ పాటికి మిగుల్తుంటిమా అని ఆమె అంటే, అక్కడున్న వాళ్లంతా నవ్వారు. పెద్దులు కూడా నవ్వాడు. మర్నాడు నీ ఇంటికి పోయి, హనుమమ్మ ఇచ్చిన చాయ్ తాగి వచ్చాడు.

నీకు ఎట్లా వచ్చిందని నేను అడగను. హనుమమ్మ అడుగుతుంది. నిన్ను నిలబెట్టి అడుగుతుంది, దానికి తయారై రా. మీరిద్దరూ ఎట్లా ఉండాలో సిస్టర్ చెబుతుంది, నిరోధ్ ఇస్తుంది, అక్కడ సిగ్గుపడి తల వంచుకోకు. దగ్గు, జ్వరం వస్తే దాచుకోకుండా దవాఖానకు పోవాలంటుంది. ఒంట్లో బలం ఉన్నన్నాళ్లు పని చేసుకోవచ్చట. నాకు నిచ్చెన పట్టే మనిషి కావాలి.

ఒక్క సంగతి రాయక తప్పడం లేదు. నిర్మల ఇప్పటికీ తన చేత్తో అన్నం తినదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. తల్లి కలిపి నోట్లో పెడితే తింటుంది. ఆరేళ్ల పిల్ల. వచ్చే ఆదివారం పొద్దున మొదటి బస్సుకు రా, బస్టాండులో ఉంటాను.

నీ దోస్తు,
లతీఫ్
(లతీఫ్ ఆర్ట్స్)

తా.క. కవరు అంటించబోయి మళ్లీ చదువుకున్నాను. ఇది చదివినా నువ్వు రావు. నీ బుద్ధి నాకు తెలుసు. ఇయ్యాల కొట్టేసిండ్రు, రేపు మళ్ల రాస్తే నా బిడ్డ గతేంది అంటావు. అందుకే చెబుతున్నాను. డాక్టర్లు కొత్తగా ఏమీ కనుక్కోలేదు. కలిసి తింటే రాదని వాళ్లకు అప్పుడూ తెలుసు. ఆఫీసు వాళ్లు నాకిచ్చిన కాగితంలో ఎనిమిది మాటలే ఉన్నాయి. ఎనిమిదీ రాశాక గోడ కింద మూరెడు జాగా మిగిలింది. బోసిగా కనబడింది. చిన్నప్పుడు మా నానమ్మ జన్నత్ బీకి క్షయ వస్తే ఇంట్లో ఆమె కంచం వేరే పెట్టారు. ఇదీ అట్లాంటిదే అనుకుని తొమ్మిదో మాట సొంతంగా రాసి, దాని కిందే నా పేరు రాసుకున్నాను. నువ్వు ఇల్లు విడిచింది సర్కారు మాటకు కాదు, నా మాటకు.

సిస్టర్ ఆ కాగితం తెచ్చి గోడ ముందు నిలబడి, ఇది ఎక్కడిది లతీఫ్ అని అడిగే దాకా అది తప్పని నాకు తెలియదు. తెలిశాక రెండు నెలలు నోరు విప్పలేదు, అది ఇంకా పెద్ద తప్పు. నిన్న హనుమమ్మకు చెప్పాను. కొంగు ముడి విప్పి ఆ కాగితాలు చూసుకుంది. తర్వాత, ఆయనను రానియ్యి, ఇద్దరం కలిసి తిడ్తం నిన్ను అన్నది. మీ బాపు నిన్ను కొట్టింది నా వల్లనే బిడ్డా అని నిర్మలకు కూడా చెప్పాను. మరి బాపుకు చెప్పినవా అని అడిగింది.

ఇప్పుడు చెప్పాను.