వైర్‌లెస్ పట్టిన లాప్‌టాప్

2008 జూలై, శనివారం రాత్రి
పటమట

ఈరోజు లాప్‌టాప్ కొన్నాను. విండోస్‌కి బదులు నేను వాడే లినక్స్ సీడీ సంచిలో వేసుకుని బెంజ్ సర్కిల్‌లో నాలుగు షాపులు తిరిగాను. కొనేముందే ఆ సీడీతో నడిపి చూసుకోకపోతే, తీరా ఇంటికొచ్చాక ఏదో ఒకటి పనిచేయదు. మూడు షాపుల్లో సీడీ పెట్టనివ్వలేదు. నాలుగో షాపు ఓనరు ఖలీల్ గారు మాత్రం కుర్చీ వేయించి, "నిదానంగా చూసుకోండి మాస్టారూ" అన్నారు.

నేను మనసుపడ్డ పెద్ద స్క్రీన్ మోడల్లో బొమ్మ వచ్చింది, సౌండ్ వచ్చింది, వైర్‌లెస్ కార్డును మాత్రం లినక్స్ గుర్తుపట్టలేదు. పక్కనున్న పాత మోడల్లో అన్నీ పనిచేశాయి. అదే తీసుకున్నాను.

ఇంటికి రాగానే ప్రసాద్‌కి ఫోన్ చేశాను. కాలేజీలో ఇద్దరం కలిసే లినక్స్ నేర్చుకున్నాం. మొదటిసారి సౌండ్ వచ్చిన రోజు లాబ్ అంతా వినేలా పాట పెట్టి తిట్లు తిన్నాం.

"కొత్త లాప్‌టాప్‌లో లినక్స్ సీడీ పెడితే అన్నీ ఒక్కసారికే పట్టాయిరా" అన్నాను.

"ఇంకా అదే వాడుతున్నావా? నేనెప్పుడో మానేశాను" అన్నాడు. తర్వాత వాళ్ల పాప స్కూలు గురించి చెప్పాడు. విన్నాను.

ఫోన్ పెట్టేశాక, ఈ సంగతి చెప్పుకోవడానికి ఊళ్లో ఇంకెవరున్నారా అని ఆలోచించాను. ఒక్క పేరూ తట్టలేదు. ఇన్నేళ్లూ ఇది నాకు తెలియనే లేదు.

బిల్లు రాస్తూ ఖలీల్ గారు ఒక మాటన్నారు. "ఇదేదో బాగుందండీ. వీలున్నప్పుడు వచ్చి నాక్కూడా కాస్త చూపించండి." మర్యాదకే అని ఉంటారు. అమ్మేవాళ్లు అందరితోనూ అలాగే అంటారు.

సోమవారం సాయంత్రం నాకు క్లాసులు లేవు.