వీపు తిప్పి చెప్పిన మాట

పిచ్చుకకు నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. నువ్వు కూడా వేళకు తింటూ, కంటినిండా నిద్రపోతున్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం సోమవారం చేరింది. ఎప్పుడూ నాలుగు పేజీలు నింపేదానివి, ఈసారి అరపేజీతో సరిపెట్టావు. అయినా అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. మీ అమ్మ మోకాలు నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం, ఆ మెట్లు నేనే కట్టినట్టు నన్ను తిడుతూ దిగుతుంది. కొత్త టీవీ బాగుంది. గోడకు బిగించినతను కొలత చూసుకోలేదేమో, కాస్త ఎడమకు ఒరిగింది. అందులో అందరి ఇళ్ళూ కొండవాలు మీద కట్టినట్టు కనిపిస్తాయి. రెండు రోజుల్లో మాకు అలవాటైపోయింది.

ఇక సినిమాలంటావా, కరువుదీరా చూస్తున్నాం. లిఫ్టులు బాగుచేసే మనిషి కథ ఒకటి చూశాను. పేరు అడక్కు, నాకు పేర్లు నిలవవని నీకు తెలుసు. పదో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలావిడ, అతను రావాలని, లిఫ్టు తలుపు సందులో చెప్పు ఇరికించి ఫోను చేస్తూ ఉంటుంది. మూడోసారికే అతనికి సంగతి తెలిసిపోతుంది. తెలిసినా అనడు. సంచి దించి, పనిముట్లన్నీ పరిచి, ఏమీ చెడిపోని లిఫ్టును గంటసేపు బాగుచేస్తాడు. అంతే కథ! ఒక్క ఫైటు లేదు, పాట లేదు, అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఆ నటుడు స్క్రూ బిగించే తీరు చూసి, వీడు ఎక్కడో ఆర్నెల్లు పని నేర్చుకునే వచ్చాడనుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా మిల్లులో మనుషుల చేతులే చూస్తున్నవాణ్ణి, నన్ను మోసం చెయ్యడం కష్టం.

ఇంకొకటి, లాండ్రీ నడిపే అక్కచెల్లెళ్ళది. చెల్లెలిగా వేసిన అమ్మాయికి ఇదే మొదటి సినిమాట. పోయిన తండ్రి చొక్కా ఇస్త్రీ చేస్తుంది ఒకచోట. ఏడవదు. కాలరు దగ్గరికి వచ్చేసరికి పెట్టె పక్కన పెట్టి, ముడతను వేలితో సరిచేస్తుంది. నేను ఏడ్చాను. మీ అమ్మ రిమోటు నొక్కి సినిమా ఆపేసి, "కానివ్వండి, మీదయ్యాక పెడతాను" అంది. ఇంట్లో చూడటంలో సుఖం ఇదే. హాల్లో అయితే మన ఏడుపుకోసం ఎవరు ఆగుతారు?

లోటు కూడా ఒకటుంది. ముక్కూమొహం తెలియని మనిషి పక్క సీట్లో నవ్వితే మనకూ నవ్వొస్తుంది చూడు, అది ఇంట్లో దొరకదు. అందుకని పోయిన ఆదివారం మ్యాట్నీకి హాలుకు వెళ్ళాం. అక్కడ జరిగింది నీకు చెప్పాలి. నిజానికి ఈ ఉత్తరమంతా దానికోసమే. ఇందాకటినుంచి లిఫ్టులూ లాండ్రీలూ అంటూ చుట్టూ తిరుగుతున్నాను.

తండ్రి వదిలిపోయిన పడవకోసం తగువులాడుకునే అన్నదమ్ముల సినిమా అది. అన్నగా వేసినతణ్ణి ఎంత మెచ్చుకున్నా తక్కువే. కోపమొస్తే అరవడు. పడవ అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడతాయి, అంతే. చివర్లో అన్న సముద్రంవైపు తిరిగి, మనకు వీపు పెట్టి కూర్చుంటాడు. తమ్ముడు వెనక నిలబడతాడు. అన్న ఏదో చెబుతాడు. తమ్ముడు ఆ ఇసుకలోనే కూలబడి వెక్కివెక్కి ఏడుస్తాడు. నాకూ కళ్ళు చెమర్చాయి.

బయటికొచ్చి బస్టాపు వైపు నడుస్తూ, "ఎంత చక్కగా క్షమించాడే తమ్ముణ్ణి!" అన్నాను.

మీ అమ్మ టక్కున ఆగిపోయింది. "ఎవరు క్షమించింది?"

"పెద్దవాడు. చివర్లో."

"క్షమించడమేమిటండీ! నేను పోయినా చూడటానికి రావద్దు అన్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. మీరు ఏ సినిమా చూశారు?"

నాకు అలా అర్థమైందని నసిగి ముందుకు నడిచాను. నాలుగడుగులు వేశాక పక్కన మనిషి లేదు. వెనక్కి తిరిగితే, మీ అమ్మ అక్కడే నిలబడి నన్నే చూస్తోంది.

"ఐదుసార్లు పిలిచాను" అంది దగ్గరికొచ్చి. నా మొహం కేసి అలా చూసి, "పిల్ల ఫోను చేసిన రోజు, అది చెప్పింది మీకు వినపడిందా?" అని అడిగింది.

"వినపడకేం. పెళ్ళి సంగతి చెప్పింది."

"ఏమని?"

నేను బస్సు వస్తోందేమోనని రోడ్డు కేసి చూశాను తల్లీ. మీ అమ్మ బస్టాపులో బల్లమీద కూర్చుని కొంగుతో మొహం కప్పుకుంది. రెండు బస్సులు వెళ్ళిపోయాక అసలు సంగతి చెప్పింది.

ఆ రోజు ఫోనులో నాకు అందింది 'పెళ్ళి' అన్న ఒక్క మాటే. మిగతాదంతా నీళ్ళలోంచి మాట్లాడినట్టు వచ్చింది. మళ్ళీ చెప్పమనడానికి మొహమాటం. ఎప్పుడు చేసుకునేదీ ఖాయం చేసుకున్నారని అనుకుని, "చాలా సంతోషం తల్లీ, చల్లని కబురు చెప్పావు" అన్నాను. నువ్వు చెప్పిందేమో, నిన్ను చేసుకుంటానన్న అతను పెళ్ళి వద్దని వెళ్ళిపోయాడని. నేను సంతోషం అన్న వెంటనే నువ్వు ఫోను పెట్టేశావు. పనిలో ఉన్నావనుకుని నేను హాయిగా కాఫీ తాగాను.

"నాన్నకు మొదటినుంచీ అతనంటే పడదు, పీడ వదిలిందని సంతోషించాడు, ఇక ఆ మాట ఆయన దగ్గర ఎత్తకు" అని నువ్వు మీ అమ్మతో అన్నావట. ఆవిడ నీ మాట నిలబెట్టింది. పంతొమ్మిది రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. నేను మోకాలి నొప్పి మహిమ అనుకున్నాను!

నాకు రెండేళ్ళుగా చెవులు సరిగా వినపడటం లేదు. మరమగ్గాల షెడ్డులో ఆ చప్పుడుకి ఎవడికీ ఏదీ వినపడదు. పెదవులు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటాం. కాబట్టి అక్కడ ఎవరికీ తెలియలేదు. ఇంట్లో ఎలాగో నెట్టుకొచ్చాను. ఉత్తరంలో ఉన్న రుచి ఫోనులో లేదని నీచేత ఉత్తరాలు రాయించుకున్నది అందుకే. ఈ కాలం దర్శకులు మనుషుల వీపులే చూపిస్తున్నారని నీకు రాసి విసుక్కున్నదీ అందుకే. నటుడు అటు తిరిగితే నాకు మాట పోతుంది. నాకు ముందున్న మేస్త్రీని వెనకనుంచి పిలిచి, అతను పలక్కపోతే అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. రేపు నన్ను చూసి నవ్వుతారని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు దాచుకోబోయి, కన్నకూతురి ఏడుపును శుభవార్త అనుకున్నాను.

అతని సంగతి కూడా చెప్పనీ. సినిమా నడుస్తుంటే ఫోను చూసుకునేవాణ్ణి నమ్మకూడదని అతణ్ణి చూసి నేను అన్న మాట నిజమే. అది నా నోటి దురద. అతనితో కలిసి మనం సినిమాకు వెళ్ళిన ఆ రోజు హాల్లో నేను తెరకంటే నీ మొహమే ఎక్కువ చూశాను. అతని పక్కన నువ్వు అంత తేలిగ్గా నవ్వుతుంటే, వీడు చాలు అనుకున్నాను. ఆ మాట నీతో అనలేదు, అది నా తప్పు. నీ ఉత్తరం చివర "నువ్వు సంతోషంగా ఉన్నావుగా నాన్నా, అది చాలు" అని రాశావు. లేను తల్లీ. ఒక్క క్షణం కూడా లేను.

మంగళవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. రెండు చెవులూ సగానికి పైగా పోయాయట. మిషను పెట్టుకోవాలి, అది రావడానికి మూడు వారాలు పడుతుంది. మిల్లులో మేనేజరుకు కూడా నేనే చెప్పాను. ఆయన నవ్వలేదు. "చూపు బాగానే ఉందిగా మేస్త్రీ" అని, వచ్చే నెలనుంచి బట్ట పరీక్షించే బల్ల దగ్గర వేశాడు.

ఇప్పుడు టీవీలో మాటలన్నీ కింద అక్షరాల్లో వచ్చేలా పెట్టుకున్నాం. అక్షరాలు మరీ పరుగెత్తితే మీ అమ్మ సినిమా ఆపి, నా ఎదుట నిలబడి, ఆ డైలాగు తనే చెబుతుంది. నిన్న విలను మాటలు చెబుతూ గరిటె ఝళిపించింది, నేను నిజంగానే జడుసుకున్నాను. పాతికేళ్ళకు పైగా ఇంట్లో ఇంత నటిని పెట్టుకుని, హాళ్ళ వెంట తిరిగాను చూడు.

మిషను వచ్చేదాకా ఆగలేను. వచ్చే శనివారం పొద్దుటి బండికి బయల్దేరుతున్నాను. "మీ తండ్రీకూతుళ్ళ మధ్య నేనెందుకు" అని మీ అమ్మ రానంది. నేను రాగానే వెలుతురు నీ మొహంమీద పడేలా నా ఎదురుగా కూర్చో. ఆ రోజు ఫోనులో చెప్పిందంతా మొదటినుంచి మళ్ళీ చెప్పు. నీకు ఎంతసేపు పడితే అంతసేపు. ఒక్క మాట కూడా జారిపోనివ్వను.

ఇట్లు,
నీ కబురు ఇంకా వినాల్సి ఉన్న
నాన్న