గుట్టకు పోయే సైకిలు

నాయనా,

బాగున్నావా? పోయినవాళ్లను అలా అడగకూడదేమో... అయినా అడుగుతున్నాను. నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో రెండంటే రెండు వానలు పడ్డాయి. దుమ్ము అణగడానికి కూడా చాల్లేదు.

అంగడి ఉంది. ముందు ఆ మాట చెప్పాలి కదా నీకు. బత్తలపల్లె రోడ్డు మీద, ఎమర్జెన్సీ పెట్టిన ఏడు నువ్వు రేకులు కప్పిన అంగడి అలాగే ఉంది. పానాలు నువ్వు తగిలించిన వరుసలోనే ఉన్నాయి. కానీ కొద్దిలో పోయేదే. అదంతా చెప్పాలనే కూర్చున్నాను.

నువ్వు పోయిన నెలకే చిన్నాయన వచ్చాడు. ఆడపిల్ల రోడ్డు పక్కన కూర్చుని పానా తిప్పుతుంటే నలుగురూ ఏమనుకుంటారన్నాడు. పంక్చర్లు ఎవరైనా వేస్తారు, గుట్టకు పోయే సైకిలు బిగించే చెయ్యి మాత్రం మా అన్నది, అది ఆయనతోనే పోయిందన్నాడు. దీపావళి దాకా చూస్తాడట. అప్పటికి ఒక్కరైనా నేను బిగించిన సైకిలును నమ్మి గుట్ట ఎక్కుతుంటే సరే... లేకపోతే అంగడిని బీడీల బంకుకు ఇచ్చేయాలట. అమ్మ తల దించుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ తమ్ముడు కాబట్టి ఊరుకున్నాను నాయనా, ఇంకొకరైతే పానాకు పని చెప్పేదాన్ని!

అయిదు నెలలు పంక్చర్లే. నీ దగ్గర సైకిలు బిగించుకుని గుట్ట మీదికి పాలు, మేకల మేత మోసినవాళ్ళందరూ మన అంగడి దాటుకుని అనంతపురం పోయారు. తల తిప్పి చూడకుండా పోయారు. నోరారా "నీ కూతురికి నీ చెయ్యే వచ్చింది అన్నా" అని నీతో అన్నదీ వీళ్ళే కదా?

అప్పుడు వచ్చింది మరియమ్మక్క. కొత్త నర్సమ్మ. నువ్వు చూడలేదు. వారానికి రెండుసార్లు గుట్ట మీది పల్లెకు పోయి పిల్లలకు సూదులు వేయాలి. మందుల డబ్బాలో మంచుగడ్డలు పెట్టుకుని నడిచి పోతే పైకి చేరేసరికి అవి నీళ్ళవుతున్నాయి. అందుకని సైకిలు కావాలి. ఎవరో ఇచ్చిన రంగుల కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఎర్ర లేడీస్ సైకిలు, ముందు బుట్ట, తళతళలాడే మడ్‌గార్డులు. ఇది కొంటే గుట్ట ఎక్కుతుందా అని అడిగింది.

నా నోట్లోంచి నీ మాటే వచ్చింది. "రంగు జూసి కాదు పాపా, రాళ్లు జూసి సైకిలు కొనల్ల."

ఆమె నవ్వింది. అయితే నువ్వే బిగించి ఇయ్యి, రాళ్లు చూసినదానివి నువ్వే కదా అంది. నాయనా, ఆ పూట నాకు అన్నం సహించలేదు. సంతోషమో భయమో తెలియలేదు.

ధర్మవరం పాత సామాన్ల గుజిరీలో కొనుక్కొచ్చి అమ్మ చేత తిట్లు తిన్నావే, ఆ పాత ఇనుప లేడీస్ ఫ్రేము... అదే దించాను. తుప్పు గీకితే లోపల రాయిలా ఉంది. వెనక చక్రానికి లావు పుల్లలు నలభై ఎక్కించాను. చాక్‌పీసు ఆనించి బెండు తీశాను, నువ్వు తీసినట్టే, ఊపిరి బిగబట్టి. పద్దెనిమిది పళ్ళ ఫ్రీవీల్ తీసేసి ఇరవై రెండు పళ్ళది వేశాను. పళ్ళు పెరిగితే మిట్ట ఎక్కేటప్పుడు కాలికి బరువు తగ్గుతుందని, చదును మీద మాత్రం ఊరికే తొక్కుతూనే ఉండాలని మరియమ్మక్కకు ముందే చెప్పాను. తుమ్మ ముళ్ళు దిగకుండా టైరుకూ ట్యూబుకూ మధ్య పాత ట్యూబు చీల్చి పరిచాను. బ్రేకు రబ్బర్లు నాలుగూ కొత్తవి.

"మిట్టకు బలముండల్ల, పల్లానికి బ్రేకుండల్ల. మిగిలిందంతా షోకు" అనేవాడివి కదా. బుట్ట లేదు, డైనమో లేదు. వెనక డబ్బా పట్టేంత క్యారియరు ఒక్కటి.

చైను కవరు మాత్రం ఉంచాను. నువ్వుంటే బరువని పీకి పారేసేవాడివి. చీర కట్టుకుని తొక్కేవాళ్ళ బాధ నీకేం తెలుసు నాయనా? కుచ్చెళ్ళు చైనులో పడితే ఎక్కేది గుట్ట కాదు, ఆస్పత్రి మంచం! ఈ ఒక్క విషయంలో నీకన్నా నాకే ఎక్కువ తెలుసు. కోపం తెచ్చుకోకు.

సైకిలు ఆయుధపూజ ముందు రోజుకు సిద్ధమైంది.

ఇక్కడే రెండు తప్పులు చేశాను. ఒకటి... నీ నియమం తప్పాను. బిగించినవాడే ముందు గుట్ట ఎక్కాలి, నడుమ కాలు కింద పెట్టకూడదు, పైకి చేరాక బెల్లు కొట్టాలి. ఆ తరువాతే సైకిలు ఇవ్వాలి. నేను ఎక్కలేదు. చిన్నాయన, టీ బంకు దగ్గర మగవాళ్ళు, అందరూ చూస్తుంటే చీర దోపుకుని తొక్కడానికి సిగ్గుపడ్డాను.

రెండోది ఇంకా ఘోరం. పూజ నాడు కొత్త సైకిలుకు కుంకుమ పెట్టి, బొరుగులు పంచి, చైనుకు నూనె వేద్దామని చూస్తే డబ్బా ఖాళీ. పండగని అంగళ్ళన్నీ మూశారు. పూజ నాడు యంత్రం నోరు ఎండకూడదని అమ్మ అంటుంది కదా. ఇంట్లో ఉన్న చెనిక్కాయ నూనె తెచ్చి చైనుకూ ఫ్రీవీల్‌కూ ధారాళంగా పోశాను. తరువాత మిషను నూనె తెచ్చి మార్చాలనుకుని మరిచేపోయి, సైకిలు మరియమ్మక్కకు ఇచ్చేశాను.

పదహారు రోజులకు ఏమైందో నువ్వు ఊహించే ఉంటావు. గుట్ట రెండో మలుపులో మరియమ్మక్క తొక్కుతుంటే ఉన్నట్టుండి పెడళ్ళు ఉత్తినే తిరిగిపోయాయి. చక్రం కదలలేదు. ఆమె పక్కకు పడింది. మోకాలు చీరుకుపోయింది, డబ్బా రాళ్ళ మీద దొర్లింది. కుంటుకుంటూ సైకిలు తోసుకుని వచ్చింది. అంగడి ముందు జనం మూగారు. ఎవరో నవ్వారు కూడా. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఫ్రీవీల్ తెరిచాను. ముక్కు దగ్గర పెడితే చెనిక్కాయల వాసన. ఎర్ర దుమ్మూ నూనే కలిసి జిగటై, పళ్ళను పట్టుకోవాల్సిన లోపలి చిన్న నాలుకలు లేవకుండా అతుక్కుపోయి ఉన్నాయి. చైను కవరుంది కాబట్టి ఇన్నాళ్ళూ ఆ జిగట ఎవరికీ కనబడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, నా పన్నెండో ఏట నువ్వు నెత్తిన మొట్టి చెప్పిన మాట. "చెనిక్కాయ నూనె చిత్రాన్నానికి పాపా, చైనుకు కాదు. మన దుమ్ము సోకిందంటే రాయి మాదిరి అయిపోతాది."

చుట్టూ ఉన్నవాళ్ళు ఫ్రీవీలే నాసిరకమన్నారు. చిన్నాయన కూడా అదే అన్నాడు. ఆ మాటకు తలూపితే సరిపోయేది. నా చేతిలో ఏముందో వాళ్ళకు తెలియదు. ఒక్క క్షణం ఊపాలనే అనిపించింది, నీతో అబద్ధమాడను...

ఊపలేదు. సామాను మంచిదే, చైనుకు చెనిక్కాయ నూనె పోసింది నేను, తప్పు నాది అని అందరి ముందూ చెప్పాను. ఏమ్మే, సామానుది తప్పంటే నీ సొమ్మేం పోతాది, ఇంక నిన్నెవురు నమ్ముతారు అని చిన్నాయన తల కొట్టుకున్నాడు. దీపావళి ఇంకా నాలుగు రోజులుందని కూడా గుర్తు చేశాడు.

మరియమ్మక్క మోకాలికి తనే మందు రాసుకుంటూ ఒకటే మాట అంది. నిజం చెప్పినావు సరే, నువ్వెక్కి సూపియ్, అప్పుడు నేనెక్కుతా అంది.

ఫ్రీవీల్‌ను కిరసనాయిల్లో రెండుసార్లు కడిగాను. నాలుకలు టిక్కుటిక్కుమని లేచేదాకా వదల్లేదు. పలుచని మిషను నూనె మూడే మూడు చుక్కలు వేశాను.

దీపావళి ముందు రోజు పొద్దున్నే చీర దోపుకుని సైకిలెక్కాను. క్యారియరు మీద మందుల డబ్బా, అందులో బరువుకు రాళ్ళు. చిన్నాయన గుట్ట కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టీ బంకు మొత్తం అక్కడే ఉంది. సిగ్గా? మొదటి మలుపులోనే ఎటు పోయిందో పోయింది. ఊపిరి తీసుకోవడానికే తీరిక లేదు!

మూడో మలుపు దగ్గర బోడిబండ వచ్చింది. నువ్వు పోవడానికి ముందు, చివరిసారి కాలు కింద పెట్టిన చోటు. ఆ రోజు పాలాయనకు బిగించిన సైకిలు ఎక్కి చూస్తున్నావు, ఆయనా నేనూ నీ వెనకే నడిచి వస్తున్నాం. దగ్గుతూ బండ మీద కూర్చుండిపోయావు. పాలాయన కంగారు పడితే, "సైకిలుది తప్పు లేదప్పా, నా రొమ్ముది. ఇంకొకరు ఎక్కి సూస్తారులే" అన్నావు. అని నా వైపు చూశావు. పాలాయన కొడుకు గురించి అంటున్నావనుకున్నాను. నా గురించేనా నాయనా? ఆ రోజే అడిగి ఉంటే బాగుండేది...

బోడిబండ దగ్గర సీటు మీది నుంచి లేచి తొక్కాను. కళ్ళలోకి చెమట దిగింది. ఫ్రీవీల్ గట్టిగా పట్టుకుంది. పుల్ల ఒక్కటి కూడా కిర్రుమనలేదు. ఒక్కో తొక్కు తొక్కుతూ బండ దాటాను. పైకి చేరాను. పల్లె పిల్లలు చూస్తుండగా బెల్లు కొట్టాను. నువ్వు కొట్టినట్టే, మూడుసార్లు.

ఇప్పుడు మరియమ్మక్క మంచు కరగకముందే పైకి చేరుతోంది. పాలాయన తన సైకిలు తెచ్చి ఇరవై రెండు పళ్ళది వేయమన్నాడు. చిన్నాయన బంకు మాట ఎత్తడం లేదు. పండగ మరునాడు తన సైకిలు తెచ్చి, బెండు తియ్యి పాపా అన్నాడు. తీశాను. కాసేపు కూర్చోబెట్టే తీశాననుకో.

అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. నీ బెల్లు వినబడగానే పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టేది కదా, నువ్వు దిగి వచ్చేసరికి కాగేలా. నువ్వు పోయాక ఇంట్లో ఆ వేళకు టీ లేదు. ఆ రోజు నేను దిగి వచ్చి గడపలో సైకిలు ఆనించేసరికి, పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. అమ్మ నీ గ్లాసు కడిగి అందులో పోసి ఇచ్చింది.

ఇక ఈ అంగడి నుంచి గుట్టకు పోయే ప్రతి సైకిలూ ముందు నేను ఎక్కాకే పోతుంది. ఇది నీకు నా మాట.

కాలు కింద పెట్టలేదు నాయనా.

నీ పాప,
రమణమ్మ